డేటా బైండింగ్ లేకుండా జావా వెబ్ ఫారంలో డ్రాప్‌డౌన్లు నింపే విధానం

స్ప్రింగ్ ఫారం ట్యాగులు గానీ జేఎస్ఎఫ్ గానీ వాడే ప్రాజెక్టులో డ్రాప్‌డౌన్ నింపాలంటే ఒక జాబితా పేరు, ఒక బీన్ (ఫారం విలువలను ఉంచే ఆబ్జెక్టు) పేరు ఇస్తే సరిపోతుంది. ఈ సదుపాయాన్నే డేటా బైండింగ్ అంటారు. ఆ సదుపాయం లేని చోట, అంటే నేరుగా సర్వ్‌లెట్ (రిక్వెస్ట్‌ను అందుకునే జావా క్లాసు), జేఎస్‌పీ (పేజీని గీసే ఫైలు), జేడీబీసీ (డేటాబేస్‌తో మాట్లాడే జావా మార్గం) మాత్రమే వాడే అప్లికేషన్లలో, అదే పనిని పద్ధతిగా ఎలా చేయాలని చాలామంది అడుగుతున్నారు. పాత అప్లికేషన్లను నిర్వహించేవారికి, ఫ్రేమ్‌వర్క్ భారం వద్దనుకునే చిన్న ప్రాజెక్టులవారికి ఈ అవసరం ఎక్కువగా ఎదురవుతుంది.

బైండింగ్ మన తరఫున చడీచప్పుడు లేకుండా మూడు పనులు చేస్తుంది. జాబితాను ఆప్షన్లుగా మారుస్తుంది, ఇదివరకు ఎంచుకున్న ఆప్షన్‌ను మళ్లీ ఎంచి చూపుతుంది, సర్వర్‌కు తిరిగి వచ్చిన విలువను సరైన జావా రకంలోకి మార్చి మనకు అప్పగిస్తుంది. బైండింగ్ లేనప్పుడు ఈ మూడూ మన చేతిపనులే. మొదటిది తేలిక, దాన్ని ఎవరూ మరచిపోరు. ఇబ్బందులు దాదాపు అన్నీ మిగతా రెండింటిలో పుడతాయి కనుక ఈ మార్గదర్శిలో వాటికే ఎక్కువ చోటు ఇచ్చాను.

ఉదాహరణగా ఒక సభ్యుల నమోదు ఫారం తీసుకుందాం. అందులో తెలంగాణ జిల్లాల డ్రాప్‌డౌన్ ఒకటి, ఎంచుకున్న జిల్లాకు చెందిన మండలాల డ్రాప్‌డౌన్ ఇంకొకటి ఉంటాయి.

## 1. ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

కోడ్ రాయడానికి ముందే ఈ కింది విషయాలు తేల్చుకోవాలి. వీటిలో ఒక్కటి తేడా వచ్చినా డ్రాప్‌డౌన్ సరిగా కనిపించదు. కారణమేమో ఎక్కడెక్కడో వెతకవలసి వస్తుంది.

☐ సర్వ్‌లెట్లను నడిపే సర్వర్ అయిన టామ్‌క్యాట్ వెర్షన్ ఏది? టామ్‌క్యాట్ 9 వరకు సర్వ్‌లెట్ ప్యాకేజీల పేర్లు జావాఎక్స్‌తో మొదలవుతాయి, 10 నుంచి జకార్తాతో మొదలవుతాయి. పాత పేర్లతో కంపైల్ చేసిన సర్వ్‌లెట్ కొత్త సర్వర్‌లో పనిచేయదు.

☐ జేఎస్‌టీఎల్ (జేఎస్‌పీలో లూప్ వంటి పనులు చేసే ట్యాగుల లైబ్రరీ) జార్ ఫైళ్లు ఉన్నాయా? టామ్‌క్యాట్ వాటిని తనతో తీసుకురాదు. వెబ్-ఇన్ఫ్ ఫోల్డర్‌లోని లిబ్‌లో మనమే పెట్టాలి, అవి కూడా సర్వర్ వెర్షన్‌కు తగినవై ఉండాలి.

☐ జేఎస్‌పీ ఫైలు పైభాగంలోని పేజ్ డైరెక్టివ్‌లో కంటెంట్ టైపు, పేజ్ ఎన్‌కోడింగ్ రెండూ యూటీఎఫ్-8 అని రాశారా? రాయకపోతే జేఎస్‌పీ ఐఎస్ఓ-8859-1ని అనుకుంటుంది. అందులో తెలుగుకు చోటు లేదు.

☐ పోస్ట్ పద్ధతిలో వచ్చే ఫారాలకు, ఏ ఒక్క పరామితినీ చదవకముందే, రిక్వెస్ట్ అక్షర ఎన్‌కోడింగ్‌ను యూటీఎఫ్-8గా నిర్ణయించే ఫిల్టర్ ఉందా? ఒక్క పరామితిని చదివిన తర్వాత ఆ మాట చెప్పినా ప్రయోజనం ఉండదు.

☐ మైఎస్‌క్యూఎల్ అయితే టేబుల్ అక్షర సమితి యూటీఎఫ్8ఎంబీ4 అయిందా?

## 2. టేబుల్: కోడ్ వేరు, పేరు వేరు

ప్రతి ఆప్షన్‌కూ రెండు ముఖాలు ఉంటాయి. వాడుకరికి కనిపించేది పేరు, సర్వర్‌కు వెళ్లేది వాల్యూ. వాల్యూ రాయకపోతే బ్రౌజర్ పేరునే పంపుతుంది. ఆ సౌకర్యాన్ని చూసి మురిసిపోయి పేర్లనే డేటాబేస్‌లో దాచినవారికి తర్వాత ఏమవుతుందో వరంగల్ ఉదాహరణ చూస్తే తెలుస్తుంది.

2016 అక్టోబరు 11న తెలంగాణలోని 10 జిల్లాలు 31 అయ్యాయి. అప్పుడు పాత వరంగల్ జిల్లా నుంచి వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ తదితర జిల్లాలు వచ్చాయి. 2019లో ములుగు, నారాయణపేటలతో జిల్లాల సంఖ్య 33కు చేరింది. 2021లో వరంగల్ అర్బన్ పేరు హనుమకొండగా, వరంగల్ రూరల్ పేరు వరంగల్‌గా మారాయి. ఇప్పుడు ఒక రికార్డులో జిల్లా కాలమ్‌లో ‘వరంగల్’ అని ఉంటే అది 2016కు ముందున్న పెద్ద జిల్లాయా, 2021 తర్వాతి వరంగల్ జిల్లాయా అన్నది ఆ మాటను చూసి ఎవరూ చెప్పలేరు. కోడ్ దాచిన చోట ఈ చిక్కు ఉండదు, పేరు మారితే టేబుల్‌లో ఒక్క వరుస మారుతుంది.

జిల్లాల పేర్లను జేఎస్‌పీలోనే చేత్తో రాసిపెట్టే అలవాటుకు కూడా ఇదే జవాబు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినప్పుడు అలా రాసిన ప్రతి ఫారాన్నీ విప్పి మళ్లీ కుట్టవలసి వచ్చేది. రక్త గ్రూపుల వంటి మారని చిన్న జాబితాలకు మాత్రం టేబుల్ అవసరం లేదు, ఒక జావా ఈనమ్ సరిపోతుంది.

జిల్లా టేబుల్‌లో ఈ కాలమ్‌లు ఉండాలి:

- కోడ్: ప్రైమరీ కీ. 1 నుంచి మొదలుపెట్టండి, 0 వాడకండి. కారణం ఆరో భాగంలో ఉంది.
- పేరు: తెలుగులో.
- వరుస క్రమం: డ్రాప్‌డౌన్‌లో ఏది ముందు, ఏది వెనుక అన్నది చెప్పే సంఖ్య.
- అమల్లో ఉందా: ఒకటి లేదా సున్నా. జిల్లా రద్దయినా వరుసను తొలగించకూడదు.

మండల టేబుల్‌కు ఇవే కాలమ్‌లతో పాటు జిల్లా కోడ్ ఫారిన్ కీగా ఉంటుంది. ప్రభుత్వ వ్యవస్థలతో సమాచారం ఇచ్చిపుచ్చుకోవలసిన అప్లికేషన్ అయితే, కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ నిర్వహించే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ కోడ్‌ను మరో కాలమ్‌లో ఉంచుకోవడం మంచిది.

పేరు కాలమ్ పొడవు విషయంలో ఒక జాగ్రత్త అవసరం. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతం మూడు బైట్లు తీసుకుంటుంది, గుణింతపు గుర్తులు, పొల్లు కూడా విడివిడి సంకేతాలే. ‘హనుమకొండ’లో ఎనిమిది సంకేతాలు ఉన్నాయి కనుక అది 24 బైట్లు. ‘రాజన్న సిరిసిల్ల’ ఖాళీతో కలిపి 46 బైట్లు. మైఎస్‌క్యూఎల్ కాలమ్ పొడవును అక్షరాల్లో లెక్కిస్తుంది. ఒరాకిల్ మాత్రం, మనం ప్రత్యేకంగా చెప్పకపోతే, బైట్లలో లెక్కిస్తుంది. అక్కడ 30 అని ఇచ్చిన కాలమ్‌లో హనుమకొండ పడుతుంది, రాజన్న సిరిసిల్ల పట్టదు.

వరుస క్రమాన్ని పేరును బట్టి డేటాబేస్‌కే వదిలేయవచ్చు కదా అనిపించవచ్చు. యూనికోడ్ క్రమం వర్ణమాలకు దగ్గరగానే ఉంటుంది గానీ, బండిరను సాధారణ రకారం పక్కనే పెట్టడం వంటి తేడాలు అందులో ఉన్నాయి. పైగా ‘ఇతర రాష్ట్రం’ వంటి ఆప్షన్ అన్నిటికంటే చివర రావాలి. అందుకే వరుస సంఖ్య కాలమ్ ఉంటే తర్వాత వాదన ఉండదు.

## 3. జాబితాను తెచ్చే క్లాసు

కోడ్, పేరు అనే రెండు ఫీల్డులతో ఒక చిన్న క్లాసు రాయండి. దాన్ని ‘ఎంపిక’ అందాం. జిల్లాకూ మండలానికీ వేర్వేరు క్లాసులు అక్కర్లేదు, డ్రాప్‌డౌన్‌కు కావలసింది ఈ రెండు విలువలే.

జావా 16 నుంచి ఉన్న రికార్డును ఇందుకు వాడాలని చాలామందికి అనిపిస్తుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. జేఎస్‌పీలోని ఎక్స్‌ప్రెషన్ లాంగ్వేజ్ (డాలర్ గుర్తుతో విలువలను రాసే పద్ధతి) ‘గెట్’తో మొదలయ్యే మెథడ్ల కోసం వెతుకుతుంది, రికార్డులో అవి ఉండవు. అందువల్ల చుక్క పెట్టి కోడ్ అని రాస్తే ప్రాపర్టీ దొరకలేదన్న ఎర్రర్ వస్తుంది. జకార్తా ఈఈ 11తో వచ్చిన ఎక్స్‌ప్రెషన్ లాంగ్వేజ్ 6.0లో ఈ లోటు తీరింది. అంతకు ముందు వెర్షన్లలో పేరు తర్వాత ఖాళీ బ్రాకెట్లు పెట్టి మెథడ్‌గా పిలవాలి, లేదా మామూలు క్లాసులో గెటర్లు రాసుకోవాలి. జట్టులో పలువురు పనిచేసే చోట గెటర్లు ఉన్న క్లాసే మేలని నా అభిప్రాయం.

ఇక డేటాబేస్‌ను పలకరించే క్లాసులో చేయవలసినవి:

1. కనెక్షన్‌ను పూల్ (ముందే తెరిచి ఉంచిన కనెక్షన్ల నిల్వ) నుంచి, ట్రై-విత్-రిసోర్సెస్ లోపలే తీసుకోండి. కనెక్షన్, స్టేట్‌మెంట్, రిజల్ట్‌సెట్ మూడూ ఆ బ్రాకెట్లలోనే ప్రకటించాలి.
2. క్వెరీలో కావలసిన రెండు కాలమ్‌లనే అడగండి. అమల్లో ఉన్నవాటినే ఎంచి, వరుస సంఖ్య ప్రకారం ఇమ్మనండి.
3. మండలాల క్వెరీకి జిల్లా కోడ్‌ను ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్‌లో ప్రశ్నార్థకం గుర్తు ద్వారానే పంపండి, స్ట్రింగులను అతికించకండి.
4. ఒక్కో వరుసను ఒక్కో ‘ఎంపిక’గా చేసి అర్రేలిస్ట్‌లో చేర్చి తిరిగి ఇవ్వండి.

రిజల్ట్‌సెట్‌నే నేరుగా జేఎస్‌పీకి పంపేవారు కొందరుంటారు. పేజీ గీసే సమయానికి కనెక్షన్ మూసుకుపోతే డ్రాప్‌డౌన్ సగంలో ఆగిపోతుంది, మూసుకోకపోతే పూల్ ఖాళీ అవుతుంది. రెండూ నష్టమే. జాబితాకు బదులు మ్యాప్ వాడదలిస్తే లింక్డ్‌హ్యాష్‌మ్యాప్ వాడాలి, మామూలు హ్యాష్‌మ్యాప్ క్వెరీ ఇచ్చిన వరుసను కాపాడుతుందన్న హామీ లేదు.

## 4. జాబితాను ఫారం దాకా చేర్చడం

ఈ భాగంలో గుర్తుంచుకోవలసిన సూత్రం ఒక్కటే: ఫారాన్ని చూపే ప్రతి దారీ ఒకే మెథడ్ గుండా వెళ్లాలి.

ఫారం తొలిసారి గెట్ పద్ధతిలో తెరుచుకుంటుంది. వాడుకరి ఏదో పొరపాటు చేస్తే అదే ఫారం పోస్ట్ తర్వాత మళ్లీ తెరుచుకుంటుంది. రిక్వెస్ట్‌లో పెట్టిన ఆట్రిబ్యూట్లు ఆ ఒక్క రిక్వెస్ట్‌తోనే పోతాయి కనుక, మొదటిసారి పెట్టిన జాబితా రెండోసారికి ఉండదు. ‘ఎర్రర్ వచ్చాక డ్రాప్‌డౌన్ ఖాళీగా కనిపిస్తోంది’ అన్న ఫిర్యాదుకు చాలాసార్లు ఇదే కారణం.

కాబట్టి సర్వ్‌లెట్‌లో ‘ఫారం చూపు’ అనే ప్రైవేట్ మెథడ్ ఒకటి పెట్టుకోండి. అది ఈ వరుసలో పనిచేయాలి:

1. జిల్లాల జాబితాను తెచ్చి రిక్వెస్ట్‌లో ‘జిల్లాలు’ అనే ఆట్రిబ్యూట్‌గా పెడుతుంది.
2. ఎంచుకున్న జిల్లా కోడ్ ఏదో నిర్ణయించి ఇంకో ఆట్రిబ్యూట్‌గా పెడుతుంది.
3. ఆ జిల్లాకు చెందిన మండలాలను తెస్తుంది, జిల్లా ఇంకా ఎంచుకోకపోతే ఖాళీ జాబితా పెడుతుంది.
4. జేఎస్‌పీకి ఫార్వర్డ్ చేస్తుంది.

గెట్‌ను అందుకునే మెథడ్ దీన్ని పిలుస్తుంది, తప్పు దొరికినప్పుడు పోస్ట్‌ను అందుకునే మెథడ్ కూడా దీన్నే పిలుస్తుంది. ఇంకెక్కడి నుంచీ జేఎస్‌పీకి ఫార్వర్డ్ చేయకూడదు.

జేఎస్‌పీ ఫైలును వెబ్-ఇన్ఫ్ ఫోల్డర్ లోపల ఉంచండి. బయట ఉంటే ఎవరైనా దాని చిరునామాను నేరుగా బ్రౌజర్‌లో కొట్టి తెరవగలరు, అప్పుడు సర్వ్‌లెట్ నడవదు, జాబితా రాదు.

## 5. జేఎస్‌పీలో ఆప్షన్లు రాయడం

సెలెక్ట్ ట్యాగు తెరిచి, దానికి నేమ్, ఐడీ ఇచ్చి, లేబుల్ ట్యాగును ఆ ఐడీకి కలపండి. లోపల మొదటి ఆప్షన్‌గా ఖాళీ వాల్యూతో ‘జిల్లాను ఎంచుకోండి’ అని రాయండి. ఆ తర్వాత జేఎస్‌టీఎల్ ఫర్‌ఈచ్ ట్యాగుతో ‘జిల్లాలు’ మీద తిరుగుతూ ఒక్కో ఆప్షన్ రాయాలి. వాల్యూలో కోడ్, ట్యాగుల మధ్య పేరు ఉంటాయి.

మొదటి ఖాళీ ఆప్షన్‌ను మానేయకండి. ఒక్కటే ఎంచుకునే మామూలు డ్రాప్‌డౌన్‌లో, ఏదీ ఎంచనప్పుడు బ్రౌజర్ తనంతట తానే మొదటి ఆప్షన్‌ను ఎంచుకుంటుంది. ఖాళీ ఆప్షన్ లేకపోతే జాబితాలో మొదట ఉన్న జిల్లాలో సభ్యులు అకారణంగా పెరిగిపోతారు. ఖాళీ ఆప్షన్ ఉండి, సెలెక్ట్ ట్యాగుకు రిక్వైర్డ్ అన్న గుణం కూడా ఉంటే, ఎంచుకోకుండా ఫారం పంపడాన్ని బ్రౌజరే ఆపుతుంది.

పేరును రాసేటప్పుడు డాలర్ గుర్తు, మీసాల బ్రాకెట్లతో నేరుగా రాయకుండా జేఎస్‌టీఎల్ అవుట్ ట్యాగుతో రాయండి. జేఎస్‌పీలో ఎక్స్‌ప్రెషన్ లాంగ్వేజ్ తనంతట తాను హెచ్‌టీఎంఎల్ గుర్తులను తటస్థపరచదు, అవుట్ ట్యాగు ఆ పని చేస్తుంది. జిల్లాల పేర్లలో యాంగిల్ బ్రాకెట్లు ఎందుకుంటాయని అనుకోవచ్చు. రేపు ఇదే పద్ధతిని వాడుకరులు స్వయంగా చేర్చే సంస్థల పేర్లకు వాడతారు, అక్కడ ఉంటాయి.

స్క్రిప్ట్‌లెట్లతో, అంటే జేఎస్‌పీలోనే జావా లూప్ రాసి, ఈ పని చేయడం ఇప్పటికీ సాధ్యమే. పాత ఫైలులో ఇప్పటికే అలా ఉంటే ఒక్క డ్రాప్‌డౌన్ కోసం అంతా తిరగరాయనక్కర్లేదు. కొత్త ఫైలులో మాత్రం మొదలుపెట్టకండి.

## 6. ఎంచుకున్న విలువను నిలబెట్టడం

డ్రాప్‌డౌన్‌లో ఏ ఆప్షన్ ఎంపికై కనిపించాలి అన్నదానికి మూడు ఆధారాలు ఉంటాయి. వాటి ప్రాధాన్య క్రమం ఇది:

1. ఇప్పుడే పంపిన ఫారం తప్పుతో తిరిగి వచ్చి ఉంటే, అందులో వాడుకరి ఎంచుకున్నది.
2. పాత రికార్డును సవరిస్తూ ఉంటే, డేటాబేస్‌లో ఉన్నది.
3. రెండూ లేకపోతే ఏదీ కాదు, ఖాళీ ఆప్షన్.

ఈ నిర్ణయం సర్వ్‌లెట్‌లో జరగాలి. జేఎస్‌పీకి ‘ఎంచుకున్న జిల్లా’ అన్న ఒక్క ఆట్రిబ్యూట్ మాత్రమే చేరాలి. లూప్‌లో ప్రతి ఆప్షన్ కోడ్‌ను దానితో పోల్చి, సరిపోతే సెలెక్టెడ్ అన్న మాట రాయాలి. ‘సెలెక్టెడ్ సమానం ఫాల్స్’ అని రాస్తే ఎంపిక కాదనుకోవడం పొరపాటు. ఆ గుణం పేరు కనిపిస్తే చాలు, విలువ ఏదైనా బ్రౌజర్ దాన్ని ఎంపికగానే లెక్కిస్తుంది. సరిపోనప్పుడు ఆ మాటే రాయకూడదు.

పోలిక దగ్గర మూడు గుంటలు ఉన్నాయి.

మొదటిది జావా కోడ్‌లో రెండు సమాన గుర్తులతో ఇంటీజర్ ఆబ్జెక్టులను పోల్చడం. జావా -128 నుంచి 127 వరకు ఇంటీజర్ ఆబ్జెక్టులను దాచి ఉంచి మళ్లీ మళ్లీ అవే ఇస్తుంది, ఆ పరిధి దాటితే సాధారణంగా కొత్త ఆబ్జెక్టు ఇస్తుంది. సొంత వరుస సంఖ్యలతో ఉన్న 33 జిల్లాలు ఆ పరిధిలోనే ఉంటాయి కనుక జిల్లా డ్రాప్‌డౌన్ చక్కగా పనిచేస్తుంది. అదే కోడ్‌ను కాపీ చేసి మండలాలకు వాడితే 127వ మండలం వరకు ఎంపిక నిలబడుతుంది, 128 నుంచి నిలబడదు. పరీక్షించేవారు జాబితాలో మొదటి నాలుగింటినే చూస్తారు కనుక ఇది వాడకంలోకి వచ్చేదాకా బయటపడదు. ఈక్వల్స్ మెథడ్‌తో పోల్చండి, లేదా ఇంట్‌గా మార్చి పోల్చండి.

రెండోది ఎక్స్‌ప్రెషన్ లాంగ్వేజ్‌లో సంఖ్యను స్ట్రింగ్‌తో పోల్చడం. అది స్ట్రింగ్‌ను సంఖ్యగా మారుస్తుంది. ఖాళీ స్ట్రింగ్ సున్నా అవుతుంది. టేబుల్‌లో 0 కోడ్ ఉన్న వరుస ఉంటే, ఏదీ ఎంచని ఫారంలో ఆ వరుస ఎంపికై కనిపిస్తుంది. రెండో భాగంలో 0 వద్దన్నది ఇందుకే.

మూడోది అదే మార్పు విఫలం కావడం. చిరునామాలో ఎవరైనా సంఖ్య బదులు అక్షరాలు పెడితే పేజీ మొత్తం ఎర్రర్‌తో ఆగిపోతుంది. సర్వ్‌లెట్‌లోనే సంఖ్యగా మార్చి, మారకపోతే నల్ పంపితే ఈ రెండో మూడో గుంటలు రెండూ పూడిపోతాయి.

## 7. ఫారం తిరిగి వచ్చినప్పుడు

డ్రాప్‌డౌన్ నుంచి వచ్చింది కాబట్టి విలువ సరైనదే అయి ఉంటుందని నమ్మకండి. బ్రౌజర్‌లోని డెవలపర్ పరికరాలతో ఆప్షన్ వాల్యూను ఎవరైనా మార్చి పంపగలరు. పోస్ట్‌ను అందుకునే మెథడ్‌లో ఈ వరుస పాటించండి:

1. గెట్‌పరామీటర్‌తో జిల్లా కోడ్‌ను స్ట్రింగ్‌గా తీసుకోండి.
2. అది నల్ కావచ్చు, ఖాళీ కావచ్చు, రెండింటినీ ఒకేలా చూడండి. ఖాళీ ఆప్షన్‌కు సెలెక్టెడ్‌తో పాటు డిసేబుల్డ్ గుణం కూడా ఇచ్చి ఉంటే బ్రౌజర్ ఆ పరామితినే పంపదు, అప్పుడు నల్ వస్తుంది. ఇవ్వకపోతే ఖాళీ స్ట్రింగ్ వస్తుంది.
3. సంఖ్యగా మార్చండి. పార్స్‌ఇంట్ ఎగరేసే నంబర్‌ఫార్మాట్ ఎక్సెప్షన్‌ను పట్టుకుని, దాన్ని వాడుకరికి చూపే మామూలు తప్పుగా మార్చండి.
4. ఆ కోడ్ జాబితాలో నిజంగా ఉందో లేదో చూడండి.
5. మండలం కోడ్‌కు కూడా ఇవే చేసి, ఆ మండలం ఈ జిల్లాదేనా అన్నది అదనంగా చూడండి.
6. తప్పు ఉంటే ‘ఫారం చూపు’ను పిలిచి అక్కడితో రిటర్న్ అవ్వండి. రిటర్న్ మరచిపోతే ఫార్వర్డ్ అయిన తర్వాత కూడా కింది కోడ్ నడిచి, తప్పు రికార్డు డేటాబేస్‌లో చేరుతుంది.
7. అన్నీ సరిగా ఉంటే భద్రపరచి, వేరే పేజీకి రీడైరెక్ట్ చేయండి. ఫార్వర్డ్ చేస్తే, వాడుకరి రిఫ్రెష్ నొక్కినప్పుడు అదే రికార్డు రెండోసారి చేరుతుంది.

ఒకటి కంటే ఎక్కువ ఎంచుకునే జాబితా అయితే గెట్‌పరామీటర్ మొదటి విలువను మాత్రమే ఇస్తుంది. గెట్‌పరామీటర్‌వాల్యూస్ వాడాలి, ఏదీ ఎంచకపోతే అది ఖాళీ అర్రే కాదు, నల్ ఇస్తుంది.

జిల్లాను చూపాలి గానీ మార్చనివ్వకూడదు అన్న అవసరం కూడా వస్తూ ఉంటుంది. సెలెక్ట్ ట్యాగుకు రీడ్‌ఓన్లీ గుణం వర్తించదు. డిసేబుల్డ్ పెడితే విలువ సర్వర్‌కు రాదు. అటువంటప్పుడు పేరును మామూలు అక్షరాలుగా చూపి, కోడ్‌ను ఫారం నుంచి కాకుండా డేటాబేస్‌లోని పాత రికార్డు నుంచే తీసుకోవడం భద్రమైన మార్గం.

## 8. రద్దయిన విలువలు ఉన్న పాత రికార్డులు

ఎవరూ పట్టించుకోని భాగం ఇదే. డేటాను నిశ్శబ్దంగా పాడుచేసేదీ ఇదే.

ఒక సభ్యుని రికార్డులో, ఇప్పుడు అమల్లో లేని జిల్లా కోడ్ ఉందనుకోండి. సవరణ పేజీ తెరిస్తే, క్వెరీ అమల్లో ఉన్నవాటినే తెస్తుంది కనుక ఏ ఆప్షన్‌కూ సెలెక్టెడ్ పడదు. అప్పుడు బ్రౌజర్ మొదటి ఆప్షన్‌ను ఎంచుకుంటుంది. ఫోన్ నంబర్ సరిదిద్దడానికి పేజీ తెరిచిన ఉద్యోగి జిల్లా వైపు చూడకుండానే భద్రపరుస్తారు. ఖాళీ ఆప్షన్ ఉంటే ఫారం ఆగుతుంది, లేకపోతే జిల్లా మారిపోతుంది. ఏ లాగ్‌లోనూ ఎర్రర్ కనిపించదు.

పరిష్కారం క్వెరీలోనే ఉంది. సవరణ పేజీకి జాబితా తెచ్చేటప్పుడు ‘అమల్లో ఉన్నవి, లేదా ఈ రికార్డులో ప్రస్తుతం ఉన్న కోడ్’ అని అడగాలి. రద్దయిన జిల్లా పేరు పక్కన ‘పాతది’ అని చూపితే ఉద్యోగికి విషయం తెలుస్తుంది. ఏడో భాగంలోని నాలుగో మెట్టులో కూడా ఇదే మినహాయింపు ఇవ్వాలి: కొత్త రికార్డుకు పాత కోడ్ చెల్లదు, పాత రికార్డులో మార్చకుండా వదిలేసిన పాత కోడ్ చెల్లుతుంది.

## 9. జిల్లాను బట్టి మండలాలు

తెలంగాణ మండలాలు దాదాపు 600 ఉన్నాయి. అన్నిటినీ ఒకే డ్రాప్‌డౌన్‌లో కుమ్మరించడం వాడుకరికి శిక్ష. జిల్లా ఎంచుకోగానే ఆ జిల్లా మండలాలు మాత్రమే రావాలి.

ఇందుకు రెండో సర్వ్‌లెట్ ఒకటి రాయండి. అది జిల్లా కోడ్‌ను పరామితిగా తీసుకుని, కోడ్, పేరు జతలను జేసన్‌గా ఇస్తుంది. కంటెంట్ టైపు, యూటీఎఫ్-8 రెండూ గెట్‌రైటర్‌ను పిలవకముందే నిర్ణయించాలి, పిలిచాక నిర్ణయించిన ఎన్‌కోడింగ్ లెక్కలోకి రాదు. జేసన్‌ను స్ట్రింగులు అతికించి తయారుచేయకుండా జాక్సన్, జీసన్ వంటి లైబ్రరీతో చేయించండి.

పేజీలోని జావాస్క్రిప్ట్ చేయవలసినవి:

1. జిల్లా మారగానే మండలాల డ్రాప్‌డౌన్‌ను ఖాళీ చేసి, ‘తెస్తున్నాం’ అన్న ఒక ఆప్షన్ పెట్టి, తాత్కాలికంగా డిసేబుల్ చేయడం.
2. ఫెచ్‌తో మండలాలు అడగడం.
3. జవాబు వచ్చాక, ఇప్పటికీ అదే జిల్లా ఎంపికై ఉందో లేదో చూడడం. లేకపోతే ఆ జవాబును పారేయడం.
4. ఒక్కో జతకు ఒక కొత్త ఆప్షన్ ఆబ్జెక్టు చేసి చేర్చడం. ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్‌లో స్ట్రింగులు పోయకూడదు.
5. డిసేబుల్ తీసేయడం. జవాబు రాకపోతే ‘మళ్లీ ప్రయత్నించండి’ అని చూపడం.

మూడో మెట్టు అనవసరమనిపిస్తుంది గానీ, నెట్ నెమ్మదిగా ఉన్న చోట వాడుకరి ముందు ఖమ్మం ఎంచుకుని, వెంటనే నల్గొండకు మార్చుకుంటే, ఖమ్మం జవాబు ఆలస్యంగా వచ్చి నల్గొండ కింద ఖమ్మం మండలాలను పరుస్తుంది.

తప్పుతో తిరిగి వచ్చిన ఫారంలోను, సవరణ పేజీలోను మండలాలను సర్వరే నింపి పంపాలి. జావాస్క్రిప్ట్ మీద వదిలేస్తే పేజీ తెరిచిన ప్రతిసారీ మండలం ఎంపిక పోతుంది. అందుకే నాలుగో భాగంలో ‘ఫారం చూపు’ మండలాలను కూడా తెస్తోంది.

ఫైర్‌ఫాక్స్ పేజీని రిఫ్రెష్ చేసినప్పుడు ఫారంలోని పాత ఎంపికలను తిరిగి పెట్టడానికి చూస్తుంది. దానివల్ల జిల్లా ఒకటి, మండలాల జాబితా ఇంకొకదానిదీ కనిపించే అవకాశం ఉంది. రెండు సెలెక్ట్ ట్యాగులకూ ఆటోకంప్లీట్ ఆఫ్ పెడితే సరిపోతుంది.

## 10. జాబితాను ఎక్కడ దాచాలి

ప్రతి రిక్వెస్ట్‌కూ 33 వరుసల క్వెరీ నడిపినా డేటాబేస్‌కు బరువు కాదు. వేగం చాలడం లేదని కొలిచి తెలుసుకున్నాకే దాచడం గురించి ఆలోచించండి.

దాచదలిస్తే సర్వ్‌లెట్ కాంటెక్స్ట్ లిజనర్‌లో, అప్లికేషన్ మొదలైనప్పుడు జాబితాను తెచ్చి, లిస్ట్ కాపీఆఫ్‌తో మార్చడానికి వీల్లేని జాబితాగా చేసి, అప్లికేషన్ స్కోప్‌లో ఉంచాలి. సెషన్‌లో పెట్టకండి, ఒకే జాబితా వందలమంది సెషన్లలో వందల కాపీలుగా పేరుకుంటుంది. జాబితా మారినప్పుడు ఉన్నదానిలోనే వరుసలు తీసి చేర్చకుండా, కొత్త జాబితాను పూర్తిగా తయారుచేసుకుని ఆట్రిబ్యూట్‌లో ఒక్కసారిగా మార్చేయాలి. నిర్వాహకుని పేజీలో ‘జాబితాలు మళ్లీ చదువు’ అన్న బటన్ లేకుండా ఈ ఏర్పాటు చేస్తే, జిల్లా పేరు మారిన ప్రతిసారీ సర్వర్‌ను ఆపి మొదలుపెట్టవలసి వస్తుంది.

## 11. లక్షణాన్ని బట్టి కారణం

పనిచేయనప్పుడు ముందు బ్రౌజర్‌లో పేజీ సోర్స్ చూడండి. ఆప్షన్లు అక్కడ ఉన్నాయా లేవా అన్నదానితో సగం వెతుకులాట తగ్గుతుంది.

ఖాళీ ఆప్షన్ ఒక్కటే ఉంది. ఆట్రిబ్యూట్ పేరులో అక్షరం తేడా అయి ఉండవచ్చు. ఎక్స్‌ప్రెషన్ లాంగ్వేజ్ లేని పేరుకు ఎర్రర్ ఇవ్వదు, లూప్‌ను మౌనంగా దాటేస్తుంది. జేఎస్‌పీ వెబ్-ఇన్ఫ్ బయట ఉండి, ఫార్వర్డ్ బదులు రీడైరెక్ట్ చేసినా ఇదే కనిపిస్తుంది.

ఫర్‌ఈచ్ ట్యాగు సోర్స్‌లో యథాతథంగా కనిపిస్తోంది. ట్యాగ్ లైబ్రరీ డైరెక్టివ్ రాయలేదు.

డాలర్ గుర్తుతో సహా రాసినదంతా తెర మీద కనిపిస్తోంది. ఎక్స్‌ప్రెషన్ లాంగ్వేజ్ నడవడం లేదు. వెబ్ డాట్ ఎక్స్‌ఎంఎల్ పాత 2.3 వెర్షన్ తలకట్టుతో ఉందేమో చూడండి.

తెలుగు బదులు ప్రశ్నార్థకాలు. ఎక్కడో తెలుగు పట్టని ఎన్‌కోడింగ్‌లోకి రాశారు. టేబుల్‌లోనే ప్రశ్నార్థకాలు ఉంటే అసలు అక్షరాలు పోయినట్టే, మళ్లీ ఎక్కించాలి. టేబుల్‌లో బాగుంటే జేఎస్‌పీ డైరెక్టివ్ చూడండి.

తెలుగు బదులు వింత లాటిన్ అక్షరాల గుంపు. యూటీఎఫ్-8 బైట్లు సరిగానే వచ్చాయి, చదివేవారు వేరే ఎన్‌కోడింగ్ అనుకున్నారు. డేటా పోలేదు.

మొదట్లో పనిచేసి, కొన్ని గంటల తర్వాత పేజీ తెరుచుకోవడం లేదు. కనెక్షన్లు పూల్‌కు తిరిగి వెళ్లడం లేదు. మూడో భాగంలోని మొదటి మెట్టును ప్రతి క్వెరీకీ సరిచూడండి.

వాడకంలోకి ఇచ్చే ముందు ఈ పరీక్షలు తప్పనిసరిగా చేయాలి:

☐ ఏదీ ఎంచకుండా పంపడం, బ్రౌజర్‌లో రిక్వైర్డ్ గుణం తీసేసి మరోసారి పంపడం.

☐ జిల్లా, మండలం ఎంచుకుని, వేరే గడిలో కావాలని తప్పు చేసి పంపడం, రెండు ఎంపికలూ నిలబడ్డాయో చూడడం.

☐ జాబితాలో చిట్టచివరి మండలంతో, అంటే పెద్ద కోడ్ ఉన్నదానితో, అదే పరీక్ష మళ్లీ చేయడం.

☐ రద్దయిన జిల్లా ఉన్న రికార్డును తెరిచి, ఏమీ మార్చకుండా భద్రపరచి, డేటాబేస్‌లో కోడ్ మారలేదని నిర్ధారించుకోవడం.

☐ ఒక జిల్లా కోడ్‌తో వేరే జిల్లా మండలం కోడ్‌ను జతచేసి పంపడం, సర్వర్ తిరస్కరించిందో లేదో చూడడం.